‘హుడ్‌వింక్’ను అర్థం తెలిసి వాడడం ఎలా?

మోసగించడమనే అర్థం గల ‘హుడ్‌వింక్’ అనే ఆంగ్ల క్రియను సరిగా వాడదలచినవారు ముందుగా దానిని రెండుగా విడదీసి చూడాలి. ‘హుడ్’ అంటే తలను కప్పే ముసుగు. ‘వింక్’ అంటే నేడు కన్ను గీటడమే అయినా, ఈ మాట పుట్టిన 16వ శతాబ్దంలో దానికి కళ్ళు మూసుకోవడమనే అర్థం కూడా ఉండేది కాబట్టి, హుడ్‌వింక్ చేయడమంటే మొదట అచ్చంగా కళ్ళకు గంతలు కట్టడమే. మోసమనే అర్థం తరువాత వచ్చింది. మన ‘గంతలు కట్టడం’ కూడా ఇదే దారిలో నడిచింది కనుక, అనువదించేవారు వేరే మాట వెదకనక్కరలేదని నా అభిప్రాయం. అయితే ప్రతి అబద్ధానికీ ‘హుడ్‌వింక్’ను వాడకూడదు. ఉన్న నిజం కనబడకుండా చేసి, ఎదుటివారిచేత సంతకం వంటిది పెట్టించినప్పుడు ఇది చక్కగా అతుకుతుంది. ఆంగ్ల వాక్యంలో మోసపోయిన వ్యక్తినే కర్మగా నిలిపి, చేయించిన పనికి ముందు ‘ఇంటూ’ (into) అనే మాట చేర్చాలి.