నడుము సంచి గెంతులు ఎలా ఆగాయంటే

అనంతగిరి అడవి బాటలో పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకే నా నడుము సంచి వీపు మీద తబలా వాయించేది. బెల్టు బిగిస్తే ఊపిరాడదు, వదులు చేస్తే మళ్లీ గెంతులే. చూస్తే బెల్టును బొడ్డు దగ్గర కడుతున్నాను. తుంటి ఎముకల మీదికి దించాను, సగం బాధ పోయింది. మిగతా సగం అర లీటరు గట్టి సీసాది. అర కిలో బరువు ఒక్క పక్కనే వేలాడుతుంటే ఊగదా మరి! దాని బదులు పావు లీటరు మెత్తటి ఫ్లాస్కులు రెండు, చెరో పక్క పెట్టాను. తాగేకొద్దీ అవి ముడుచుకుపోతాయి, లోపల నీళ్లు గలగలమనవు. ఫోన్‌ను కడిగిన పాల కవర్లో చుట్టి వీపుకు ఆనించాను. (మా ఆవిడ నవ్వింది, నవ్వనీ.) ఖాళీ సంచి ఏదైనా బాగానే కూర్చుంటుంది కాబట్టి, కొనేవాళ్లు షాపులోనే నిండు సీసా పెట్టి నాలుగు గెంతులు గెంతి చూడండి. జిప్పు చప్పుడు ఇంకా ఉండేది, దానికి రబ్బరు బ్యాండు చుట్టాను.