ప్లేటు ఖాళీ, జెల్ ఖాళీ: సముద్రపు బ్యాక్టీరియాతో వచ్చే చిక్కులు, పరిష్కారాలు

గంజాం తీరంలో నీళ్లు పట్టి తెచ్చి, బరంపురంలో జన్యు ప్రయోగాలు చేసే తెలుగు పరిశోధక విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. మన చేతికి అందే పద్ధతులు చాలావరకు ఇ.కోలి కోసం రాసినవి. అది పేగుల్లో బతికే జీవి. ఋషికుల్య నది మొగ దగ్గర దొరికే విబ్రియోలు అనే బ్యాక్టీరియాకు ఉప్పు లేనిదే పూట గడవదు. అందుకే ప్రయోగం బెడిసికొడితే కిట్‌ను అనుమానించే ముందు ఉప్పు సంగతి చూడమంటాను.

ప్లేటు మీద కాలనీలు రావడం లేదు

ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో సుమారు పది లక్షల బ్యాక్టీరియా ఉంటాయి. అందులో ప్లేటు మీద పెరిగేవి సాధారణంగా నూటికి ఒకటి కన్నా తక్కువ. కాబట్టి కాలనీలు తక్కువగా వస్తే కంగారు పడక్కర్లేదు. అసలేమీ రాకపోతే మాత్రం కారణం వెతకాలి.

మొదట చూడవలసింది నమూనాను పలుచన చేసిన నీరు. స్వేదనజలంలో పలుచన చేస్తే ఉప్పునీటి కణాలు ఉబ్బి పగిలిపోతాయి. వడకట్టి, ఆటోక్లేవ్ చేసిన సముద్రపు నీటినే వాడండి. రెండోది అగర్, అంటే ప్లేటులో పోసే పోషక జెల్లీ. మామూలు న్యూట్రియంట్ అగర్‌లో లీటరుకు 5 గ్రాముల ఉప్పే ఉంటుంది. సముద్రంలో మొత్తం లవణాలు 35 గ్రాముల దాకా ఉంటాయి. సముద్రపు బ్యాక్టీరియా కోసం రూపొందించిన జోబెల్ మెరైన్ అగర్ 2216 తీసుకోండి. ఆటోక్లేవ్ తరువాత ఆ మాధ్యమం అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. లవణాలు అవక్షేపం కావడం వల్ల వచ్చేదే అది. కలుషితమైందనుకుని పారబోయకండి.

మూడోది నమూనా ప్రయాణం. గోపాల్‌పూర్ నుంచి ఎండలో తెస్తే వేడికి తట్టుకున్నవి మాత్రమే మిగులుతాయి. అలాగని సీసాను నేరుగా మంచులో ముంచినా నష్టమే. విబ్రియోలు చలికి ముడుచుకుని, బతికి ఉండి కూడా ప్లేటు మీద పెరగని స్థితిలోకి వెళతాయి. ఈ స్థితిని సూక్ష్మజీవ శాస్త్రవేత్త రీటా కాల్వెల్ బృందం 1982లో వెల్లడించింది. సీసాకు గుడ్డ చుట్టి ఐస్‌పెట్టెలో పెట్టి, అదే రోజు ప్లేట్లు వేయండి.

వానాకాలంలో మొగల దగ్గరా చిలికా సరస్సులోనూ నీరు బాగా చప్పబడుతుంది. అదే చోట వేసవిలో తీసిన నీటితో దాన్ని పోల్చాలంటే నమూనాతో పాటు లవణీయత కూడా రాసుకోవాలి. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంటే ఒక్క చుక్క చాలు. ఏ పోటుకు ఉప్పునీరు ఎంత లోపలికి వస్తుందో గోపాల్‌పూర్‌లో మన తెలుగు మత్స్యకారులను అడగండి. ఆ పెద్దల మాట విని నమూనా వేళ నిర్ణయించుకుంటే సగం పని సులువవుతుంది.

ప్లేటంతా ఒకే పొరలా అల్లుకుపోయింది

విబ్రియో ఆల్జినోలిటికస్ వంటివి గట్టి ఉపరితలం మీద గుంపుగా పాకుతాయి. ఈ తీరపు ఉక్కపోతలో మూత లోపల పట్టిన చెమ్మ కూడా వాటికి దారి వేస్తుంది. ప్లేట్లను బాగా ఆరబెట్టి, తలకిందులుగా ఉంచండి. అగర్ కొంచెం పెంచండి.

డీఎన్‌ఏ వచ్చింది, పీసీఆర్‌లో బ్యాండ్ లేదు

పీసీఆర్ అంటే డీఎన్‌ఏలో ఎంచుకున్న భాగానికి లెక్కలేనన్ని ప్రతులు తీసే చర్య. ఆ ప్రతులు జెల్ మీద గీతలా కనిపిస్తాయి, అదే బ్యాండ్. అది రాకపోతే, డీఎన్‌ఏ తీసేటప్పుడు ఇథనాల్ పోశాక వచ్చిన ముద్దను గమనించండి. జిగురు తీగలా పిపెట్ కొనకు చుట్టుకుంటుంటే అందులో పాలిసాకరైడ్లు, అంటే జిగురు చక్కెర గొలుసులు, ఉన్నాయని అర్థం. డీఎన్‌ఏ శుద్ధిని కాంతి శోషణతో కొలిచినప్పుడు 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉండి కూడా 260/230 బాగా పడిపోతే, లవణాలో జిగురో మిగిలిందని లెక్క.

నిర్ధారించుకునే దారి ఒకటుంది. ఎప్పుడూ పనిచేసే ఇ.కోలి డీఎన్‌ఏ పీసీఆర్ గొట్టంలో మీ నమూనా ఒక మైక్రోలీటరు కలపండి. ఆ బ్యాండ్ కూడా మాయమైతే మీ నమూనాలో అవరోధకం ఉన్నట్టే. అప్పుడు డీఎన్‌ఏను పది రెట్లు, వంద రెట్లు పలుచన చేసి మళ్లీ పెట్టండి. చాలాసార్లు ఇంతటితో తీరిపోతుంది. తీరకపోతే జిగురును వేరుచేసే సీటీఏబీ (ఒక డిటర్జెంట్) పద్ధతికి మారి, 70 శాతం ఇథనాల్‌తో మరోసారి కడగండి.

బ్యాండ్ మామూలుగా వచ్చి, ఏమీ కలపని నెగటివ్ గొట్టంలో కూడా కనిపిస్తే నీళ్లు, ప్రైమర్లు మార్చండి. బ్యాక్టీరియా అన్నిటిలో ఉండే, గుర్తింపుకు వాడే 16ఎస్ జన్యువు ప్రైమర్లు ఏ బ్యాక్టీరియానైనా పట్టేస్తాయి. ట్యాక్ ఎంజైమ్‌ను ఇ.కోలిలోనే తయారు చేస్తారు కాబట్టి ఇ.కోలి డీఎన్‌ఏ ఆనవాళ్లు కూడా ఉండవచ్చు. సైకిళ్లు తగ్గించి చూడండి.

16ఎస్ వరుస బాగుంది, జాతి పేరు తేలడం లేదు

ఇది ప్రయోగంలో లోపం కాదు. విబ్రియో హార్వీ, దాని దగ్గరి బంధువుల మధ్య ఆ జన్యువు దాదాపు ఒకేలా ఉంటుంది. పైగా ఒకే కణంలో అనేక ప్రతులు ఉండి, వాటిలో చిన్న తేడాలుంటాయి. వరుస చదివిన గ్రాఫ్‌లో జంట శిఖరాలు కనిపించడానికి అది ఒక కారణం. కాలనీని మళ్లీ మళ్లీ గీసి శుద్ధి చేశాక కూడా అవి పోకపోతే, జైర్‌బీ, రెక్‌ఏ, పైర్‌హెచ్ జన్యువులను కూడా చదివించండి. 16ఎస్ ఒక్కదానితో జాతి పేరు ఖరారు చేసి థీసిస్‌లో రాయడాన్ని నేను ఒప్పుకోను.

ప్లాస్మిడ్ లోపలికి వెళ్లడం లేదు

కణంలోకి కొత్త జన్యువును మోసుకెళ్లే చిన్న డీఎన్‌ఏ వలయమే ప్లాస్మిడ్. విద్యార్థుల నెలలను మింగేసే చిక్కు ఇదే. కారణాలు ఒకదాని వెనుక మరొకటి దాక్కుని ఉంటాయి.

ఎలక్ట్రోపొరేషన్‌లో, అంటే విద్యుత్ షాక్‌తో డీఎన్‌ఏను కణంలోకి పంపేటప్పుడు, టప్పుమని మెరిస్తే కణాలకు ఉప్పు మిగిలి ఉందన్నమాట. అలాగని నీళ్లతో కడిగితే అవి పగులుతాయి. సుక్రోజ్ ద్రావణంతో కడగండి. మెరుపు లేకుండా, కాలనీలూ లేకుండా పోతే కణం బయటకు వదిలే న్యూక్లియేజ్ (డీఎన్‌ఏను కోసే ఎంజైమ్) మీ ప్లాస్మిడ్‌ను కొరికేస్తుండవచ్చు, లేదా లోపలి రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లు ముక్కలు చేస్తుండవచ్చు.

అందుకే ఈ పనికి సంయోగమే, అంటే ఒక బ్యాక్టీరియా మరొకదానికి నేరుగా ప్లాస్మిడ్ అందించడమే, నమ్మకమైన దారి అంటాను. ఎస్17-1 వంటి దాత ఇ.కోలి నుంచి ప్లాస్మిడ్‌ను అందించండి. డయామినోపిమెలిక్ ఆమ్లం లేనిదే బతకలేని దాత దొరికితే మరీ మంచిది. ఆ ఆమ్లం లేని ప్లేటు మీద దాత తనంతట తానే చచ్చిపోతుంది.

అన్ని ప్లేట్ల మీదా దట్టంగా పెరిగితే సంతోషించకండి. చాలా విబ్రియోలకు ఆంపిసిలిన్ అంటే లెక్కలేదు. కనామైసిన్ శక్తి ఉప్పు మాధ్యమంలో తగ్గుతుంది. టెట్రాసైక్లిన్‌ను మెగ్నీషియం పట్టి ఉంచుతుంది. ప్లాస్మిడ్ లేని మూల జాతిని అదే ప్లేటు మీద వేర్వేరు మోతాదులతో పెంచి, ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకోండి. ఇ.కోలి కోసం రాసిన మోతాదు ఇక్కడ చెల్లదు.

క్రోమోజోమ్‌లో జన్యువును తొలగించడమే మీ పనైతే కైటిన్‌ను మరచిపోవద్దు. రొయ్య, పీత పెంకుల్లో ఉండే ఈ పదార్థం మీద పెరిగినప్పుడు విబ్రియో కలరే బయటి డీఎన్‌ఏను తనంతట తానే లోపలికి తీసుకుంటుందని 2005లో తేలింది. ఇరువైపులా పొడవైన సమరూప భాగాలున్న రేఖీయ (వలయం కాని) డీఎన్‌ఏ ముక్క ఇస్తే అది క్రోమోజోమ్‌లో కలుస్తుంది. అన్ని జాతులూ ఇలా స్పందించవు. ఈ మార్పులకు ముందే సంస్థ జీవభద్రతా కమిటీ అనుమతి తీసుకోండి.

దాచిన జాతి తిరిగి లేవడం లేదు

చాలా విబ్రియోలు ఫ్రిజ్‌లోని ప్లేటు మీద త్వరగా చచ్చిపోతాయి. ప్లేట్లను గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, వచ్చిన రోజే గ్లిసరాల్ నిల్వ చేయండి. గ్లిసరాల్‌ను ఇ.కోలికి వాడే ఎల్‌బీ ద్రవంలో కాకుండా మెరైన్ బ్రాత్‌లో కలపాలి. కరెంటు పోయే చోట రెండో ప్రతిని వేరే ఫ్రీజర్‌లో పెట్టించండి.