పౌరహక్కుల ఉద్యమం పాఠం చెప్పాలంటే ముందు బస్సు బొమ్మ గీయండి

అమెరికాలో జాతి విభజన మీద జరిగిన అహింసా పోరాటం గురించి చెప్పమంటే చాలా క్లాసుల్లో కథ మూడు ముక్కల్లో అయిపోతుంది. అలసిపోయిన ఒక కుట్టుపని ఆవిడ బస్సులో సీటు వదలనంది, ఒక యువ పాస్టర్ గొప్పగా ప్రసంగించాడు, చట్టం మారింది. పిల్లలు రాసుకుంటారు, మార్కులు కూడా పడతాయి. మధ్యలో వేలమంది చేసిన చాకిరీ మాత్రం ఎక్కడా కనబడదు. నేను సోషల్ టీచర్ని. ఈ పాఠం ఎప్పుడు చెప్పినా ఆ చాకిరీ వైపు నుంచే చెబుతాను. కరపత్రాలు ఎవరు వేశారు, కార్లు ఎవరు నడిపారు, జరిమానా కట్టకుండా జైలుకెళ్దామని ఎవరు తేల్చుకున్నారు, ఇవీ నా ప్రశ్నలు. మీరూ ఈ దారిలో చెప్పాలనుకుంటే ఇలా చేసి చూడండి.

ముందు బోర్డు మీద అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీ సిటీ బస్సు గీయండి. మొత్తం 36 సీట్లు. ముందున్న 10 తెల్లవాళ్లవి, ఖాళీగా ఉన్నా నల్లవాళ్లు కూర్చోకూడదు. వెనకున్న 10 నల్లవాళ్లవి. మధ్యలో ఉన్న 16 సీట్లు డ్రైవర్ ఎవరికి చెబితే వాళ్లవి. గొడవంతా ఈ 16 సీట్ల దగ్గరే. 1955 డిసెంబర్ 1, గురువారం సాయంత్రం రోజా పార్క్స్ ఈ మధ్య భాగంలో మొదటి వరసలో కూర్చున్నారు. అదే వరసలో ఇంకో ముగ్గురు నల్లవాళ్లున్నారు. ముందు సీట్లు నిండిపోయి ఒక తెల్లాయన నిలబడాల్సి వచ్చింది. ఇక్కడ చాక్‌పీస్ కింద పెట్టి పిల్లల్ని అడగండి: ఎంతమంది లేవాలి? క్లాసంతా ఒకరే అంటుంది. కాదు, నలుగురూ లేవాలి. నల్లవాళ్లు కూర్చున్న వరసలో తెల్లవాళ్లు కూర్చోరు కాబట్టి ఒక్క మనిషి కోసం వరస మొత్తం ఖాళీ చేయాలి. ముగ్గురు లేచారు, ఆవిడ లేవలేదు. జాతి విభజన అంటే ఏమిటో అరపేజీ నిర్వచనం రాయించినా ఎక్కనిది ఈ బొమ్మతో ఎక్కుతుంది.

అలసిపోయింది అనే మాటను మీ నోట్స్‌లోంచి కొట్టేయండి. ఒంటి అలసట కారణం కాదని ఆవిడే తర్వాత చెప్పారు. అప్పటికి ఆవిడకు 42 ఏళ్లు, పౌరహక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి. స్థానిక శాఖలో కార్యదర్శిగా పనిచేసిన మనిషి. ఆ వేసవిలోనే టెనెసీలో ఉద్యమకారులకు శిక్షణ ఇచ్చే హైలాండర్ స్కూల్‌లో జరిగిన వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చారు. వెంటనే క్లాడెట్ కాల్విన్ పేరు కూడా చెప్పండి. అదే ఊళ్లో, అదే ఏడాది మార్చి 2న, ఇలాగే సీటు వదలనన్నందుకు అరెస్టయిన 15 ఏళ్ల అమ్మాయి. పదో క్లాసు పిల్లలు ఈ వయసు వినగానే నిటారుగా కూర్చుంటారు.

తర్వాత కరపత్రం సంగతి. పార్క్స్ అరెస్టయిన రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే ఇంగ్లిష్ లెక్చరర్ తన కాలేజీలో ఉన్న మిమియోగ్రాఫ్ అనే కాపీలు తీసే యంత్రం మీద వేలకొద్దీ కరపత్రాలు వేశారు. సోమవారం ఎవరూ బస్సెక్కొద్దని అందులో ఉంది. ఇదేదో అప్పటికప్పుడు తట్టిన ఆలోచన కాదు. ఆవిడ ఉన్న మహిళా సంఘం బస్సుల బహిష్కరణ తప్పదేమోనని 1954 మే నెలలోనే మేయర్‌కి ఉత్తరం రాసింది. సోమవారం బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాయి. ఆ సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ చర్చిలో జనం కిక్కిరిసిపోయారు. మొదట చెప్పిన యువ పాస్టర్, 26 ఏళ్ల మార్టిన్ లూథర్ కింగ్, పాఠంలోకి ఇక్కడ వస్తారు, అంతకంటే ముందు తీసుకురావద్దు.

మొదట్లో పెట్టిన డిమాండ్లను బోర్డు మీద రాయండి. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి. నల్లవాళ్లు వెనక నుంచి, తెల్లవాళ్లు ముందు నుంచి ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చోవాలి. నల్లవాళ్లు ఎక్కువగా ఎక్కే రూట్లలో నల్ల డ్రైవర్లను పెట్టాలి. ఇందులో ఏం లేదో అడగండి. విభజన పూర్తిగా ఎత్తేయమనే మాటే లేదు! అంత చిన్న కోరికను కూడా నగరం ఒప్పుకోలేదు. అందుకే వ్యవహారం కోర్టుకెక్కింది. నా లెక్కలో పాఠం మొత్తానికి ఇదే ఆయువుపట్టు, ఇక్కడ తొందరపడకండి.

ఇప్పుడు ఒక లెక్క ఇవ్వండి. బస్సు టికెట్ 10 సెంట్లు. నల్ల టాక్సీవాళ్లు తామూ 10 సెంట్లే తీసుకుంటామన్నారు. కనీస చార్జీ 45 సెంట్లు వసూలు చేయాల్సిందేనని నగరం రూల్ బయటకు తీసింది. ఇళ్లలో పనిచేసే ఒకావిడ వారానికి 6 రోజులు వెళ్లి వస్తుందనుకోండి. బస్సుకైతే 1 డాలర్ 20 సెంట్లు, టాక్సీకైతే 5 డాలర్ల 40 సెంట్లు. మరేం చేయాలి? పిల్లల నుంచి నడక, సైకిల్, సెలవు పెట్టడం లాంటి జవాబులన్నీ వచ్చాక, వాళ్లేం చేశారో చెప్పండి. 1953లో లూసియానా రాష్ట్రం బేటన్ రూజ్‌లో బస్సులు బహిష్కరించినప్పుడు నడిపిన పద్ధతి కనుక్కుని కార్‌పూల్ పెట్టారు, అంటే కార్లున్నవాళ్లు మిగతావాళ్లను ఎక్కించుకుని తిప్పడం. సుమారు 300 కార్లు, ఎక్కే చోట్లు, దిగే చోట్లు, టైములు. చర్చిల పేరుమీద స్టేషన్ వ్యాగన్లనే పెద్ద కార్లు కొన్నారు. ఇన్సూరెన్స్ రద్దయితే లండన్‌లోని లాయిడ్స్ అనే ఇన్సూరెన్స్ మార్కెట్ నుంచి తెచ్చుకున్నారు. జార్జియా గిల్మోర్ అనే ఆవిడ తోటి ఆడవాళ్లతో కలిసి వంటలు, ‘పై’ అనే తీపి తినుబండారాలు చేసి అమ్మి పెట్రోలు ఖర్చుకి డబ్బు పోగేశారు. ఇలా 381 రోజులు.

ముగింపు చెప్పేటప్పుడు బోర్డు మీద రెండు గీతలు గీయండి, ఒకటి వీధి, ఒకటి కోర్టు. 1956 నవంబర్ 13న కార్‌పూల్‌ని ఆపించడానికి నగరం వేసిన కేసులో కింగ్ స్థానిక కోర్టులో కూర్చుని ఉండగానే, బస్సుల్లో విభజన చెల్లదని సుప్రీంకోర్టు తేల్చిన వార్త వచ్చింది. సుప్రీంకోర్టు తేల్చిన ఆ బస్సుల కేసులో వాదులుగా ఉన్న మహిళల్లో క్లాడెట్ కాల్విన్ ఒకరు. బస్సులో ఇష్టమొచ్చిన చోట కూర్చునే రోజు డిసెంబర్ 21న వచ్చింది. కోర్టే గెలిపించిందా, వీధే గెలిపించిందా అని పిల్లలు కొట్టుకుంటారు. కొట్టుకోనివ్వండి.

రెండో పీరియడ్ టెనెసీలోని నాష్‌విల్‌కి ఇవ్వండి. నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్ల విద్యార్థులు ఊల్‌వర్త్ అనే దుకాణంలో, తెల్లవాళ్లకే తిండి వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చోవడం అందరికీ తెలిసిందే. అంతకు ముందు నుంచే నాష్‌విల్‌లో జేమ్స్ లాసన్ అనే ఆయన విద్యార్థులకు ఇలాంటి అహింసా నిరసనకు శిక్షణ నడుపుతున్నారు. ఆయన నాగ్‌పూర్‌లో మూడేళ్లు ఉండి గాంధీ పద్ధతుల్ని చదివి వచ్చిన మనిషి. చర్చి గదిలో కొందరు కుర్చీల్లో కూర్చునేవారు, మిగతావాళ్లు రౌడీల్లా తిట్టి, తోసి, కుర్చీలోంచి లాగేసేవారు. కూర్చున్నవాళ్లు తిరిగి చెయ్యెత్తకూడదు. దీన్ని క్లాసులో ఆడించొద్దు. తిట్ల దగ్గర మొదలయ్యేది నిజం గొడవ దగ్గర తేలుతుంది, రెండు రోజులు పంచాయితీలు మీరే చేసుకోవాలి.

దాని బదులు ఆ విద్యార్థులు రాసుకున్న నియమాలు ఇవ్వండి. కొట్టినా తిట్టినా తిరగబడొద్దు. పెద్దగా నవ్వొద్దు. దారికి అడ్డం నిలబడొద్దు. నాయకుడు చెప్పేదాకా సీటు వదలొద్దు. నిటారుగా, కౌంటర్ వైపు తిరిగి కూర్చోవాలి. ఒక్కో బెంచీకి ఒక్కో నియమం ఇచ్చి, ఎందుకు పెట్టారో చెప్పమనండి. నవ్వొద్దనే దాని మీద ఎక్కువ చర్చ నడుస్తుంది. ఫిబ్రవరి 27న వాళ్లను కొట్టారు, పోలీసులు మాత్రం కూర్చున్నవాళ్లనే, దాదాపు 80 మందిని, పట్టుకెళ్లారు. ఒక జట్టు వెళ్లగానే ఇంకో జట్టు వచ్చి ఆ సీట్లలో కూర్చుంది. 50 డాలర్ల జరిమానా వేస్తే చాలామంది కట్టబోమన్నారు. ఏప్రిల్ 19న వాళ్ల లాయర్ ఇంటి మీద బాంబు పడింది. వేలమంది నడిచి సిటీ హాల్‌కి వెళ్లారు. రంగును బట్టి మనిషిని వేరుచేయడం తప్పు కాదా అని విద్యార్థి నాయకురాలు డయాన్ నాష్ నిలదీస్తే మేయర్ తప్పేనని అందరి ముందూ ఒప్పుకున్నారు. మే 10న ఆరు దుకాణాల కౌంటర్లు నల్లవాళ్లకూ తెరుచుకున్నాయి.

ఆల్బనీని ఎగ్గొట్టకండి. 1961–62లో జార్జియాలోని ఆ ఊళ్లో పోలీస్ చీఫ్ లారీ ప్రిచెట్ కెమెరాల ముందు లాఠీ ఎత్తలేదు. అరెస్టు చేసినవాళ్లను చుట్టుపక్కల కౌంటీల జైళ్లకు పంపేశాడు. జైళ్లు నింపుదామన్న ఎత్తు అక్కడ పారలేదు. ఈ ఒక్క ఉదాహరణ లేకపోతే శాంతంగా కూర్చుంటే చాలు, ఎదుటివాడు కరిగిపోతాడని పిల్లలు రాసేస్తారు. బర్మింగ్‌హామ్, వాషింగ్టన్ ర్యాలీ పాఠ్యపుస్తకంలో బాగానే ఉంటాయి. ఒక్కటి కలపండి. 1963 మే 2న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో బడిపిల్లలను ఊరేగింపుకి పంపడం సరైనదేనా అన్న ప్రశ్న అప్పుడే లేచింది, అహింసా మార్గాన్ని విమర్శించే నల్లవాళ్ల నాయకుడు మాల్కం ఎక్స్ గట్టిగా తప్పుపట్టారు కూడా.

పరీక్షలో ప్రసంగం ఎవరిచ్చారు, ఏ తేదీన అని అడగను. మీరు మాంట్‌గోమరీ కార్‌పూల్ నడుపుతున్నారు, రేపటి నుంచి కార్లకు ఇన్సూరెన్స్ లేదు, రాత్రికి రాత్రి ఏయే పనులు ఎవరెవరికి అప్పగిస్తారు అని అడుగుతాను. లాయిడ్స్ పేరు రాయకపోయినా మార్కులు వేస్తాను. డ్రైవర్లకు కబురెలా పంపాలో రాయనివాళ్లకు తగ్గిస్తాను.