ఆవు పొట్ట కదులుతోందో లేదో చేత్తోనే చూడటం ఎలా

ఆవు మేత ముట్టకపోతే ముందు చూడాల్సింది దాని పెద్దపొట్ట కదులుతోందా లేదా అని. మీ పిడికిలి, ఒక గడియారం చాలు. కానీ దాన్ని తరిమి పట్టుకొచ్చి కట్టేసి వెంటనే చెయ్యి పెట్టకండి. బెదిరిన పశువుకి మెదడు సింపథెటిక్ నాడుల (భయం వేసినప్పుడు పనిచేసే నాడుల) ద్వారా పొట్టకి బ్రేకు వేసేస్తుంది, మీరేమో జబ్బనుకుని టెన్షన్ పడతారు. వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1890ల చివర్లో పిల్లుల కడుపుని ఎక్స్‌రేలో గమనిస్తూ ఇదే చూశాడు: పిల్లి బెదిరి గింజుకుంటే కడుపులో అలలు ఆగిపోయేవి, స్థిమితపడ్డాక మళ్ళీ మొదలయ్యేవి. అందుకే ఓ పావుగంట దాని మానాన దాన్ని వదిలేయండి.

తర్వాత ఎడమ పక్కకి వెళ్ళండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య గుంటలో పిడికిలి గట్టిగా ఆనించి కదలకుండా నిలబడితే, కాసేపటికి లోపలినుంచి ఏదో మెల్లగా ఉబికి మీ చేతిని బయటికి నెట్టి, మళ్ళీ దిగిపోతుంది. స్టెతస్కోప్ పెడితే దూరంగా ఉరుము దొర్లినట్టుంటుంది. అది ఒకటి. అలా రెండు నిమిషాలు లెక్కపెట్టండి, బాగున్న ఆవుకి రెండు నుంచి నాలుగు వస్తాయి, మేస్తుంటే ఇంకాస్త ఎక్కువే.

పేగుల సంగతి వేరు. వాటి గోడల్లోనే సొంత నాడుల అల్లిక ఉంది, బయటి నాడులు కోసేసినా కుక్క పేగు లోపలి ముద్దని ముందుకి తోస్తూనే ఉంటుందని బేలిస్, స్టార్లింగ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు 1899లోనే చూపించారు. ఆవు పెద్దపొట్టకి ఆ వీలు లేదు. అది ఒక క్రమంలో కదలాలంటే మెదడు అడుగు భాగం నుంచి వేగస్ నాడి మీదుగా ఆజ్ఞ రావాల్సిందే. అదే నాడి పొట్ట ఎంత సాగింది, లోపల పులుపు ఎంత పెరిగింది అన్న కబుర్లు పైకి మోస్తుంది కూడా. అందుకే గింజలు ఎక్కువ తినేసినా, జ్వరమొచ్చినా, ఒంట్లో ఎక్కడో నొప్పి ఉన్నా మీ లెక్క పడిపోతుంది. జైలజిన్ మత్తు ఇచ్చినా అంతే. ఈనిన కొత్తలో కాల్షియం తగ్గితే మాత్రం ఆజ్ఞ వచ్చినా కండరం సరిగ్గా బిగుసుకోదు.

ఒక్కటీ తగల్లేదా, అయిదు నిమిషాలాగి మళ్ళీ చూడండి. అప్పుడూ లేకపోయినా, ఎడమ డొక్క ఉబ్బి డప్పులా మోగినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని పిలవండి. ఈలోగా లేవలేక పడి ఉన్న ఆవుకి నూనె, మందు ఏదీ నోట్లో పోయకండి, మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫోన్‌లో మూడు సంగతులు చెప్పండి: రెండు నిమిషాలకి ఎన్నిసార్లు, ఎంత బలంగా, నెమరు ఎప్పుడు ఆగింది.