మహమ్మారి ఆంక్షల ఉత్తర్వును ఎలా చదవాలి

ఆంక్షలు వచ్చాయనగానే వార్తల్లో హెడ్డింగ్ చూసి ఊరుకోకండి, అసలు ఉత్తర్వు కాపీ సంపాదించండి. నేను ముందు వెతికేది గడువు తేదీ. ‘తదుపరి ఆదేశాల వరకు’ అని ఉంటే దాని కింద గీత గీస్తాను. ఎత్తేసే రోజు రాయకపోతే, ఎత్తేయమని అడిగే భారం మన మీద పడుతుంది. 2020 మార్చిలో హంగరీ పార్లమెంటు ప్రభుత్వానికి ఇలాగే గడువు లేని అధికారాలిచ్చింది.

తర్వాత ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూడండి. ప్రెస్‌మీట్‌లో చెప్పిన మాట చట్టమైపోదు. న్యూజిలాండ్‌లో 2020 లాక్‌డౌన్ మొదటి తొమ్మిది రోజులు జనాన్ని ఇంట్లోనే ఉండమనడం అవసరమే అయినా, దానికి చట్టపరమైన ఆధారం లేదని అక్కడి హైకోర్టు తేల్చింది. రోగం నిజమే, జాగ్రత్తా కావాలి. అయినా అడగాల్సిందే.

ఉత్తర్వు ఏదైనా యాప్ వాడమంటే, అందులో వివరాలిచ్చే ముందు అవి ఎవరి చేతికి వెళ్తాయో అడగండి. సింగపూర్‌లో కాంటాక్ట్ ట్రేసింగ్ (రోగి ఎవరెవరిని కలిశాడో వెతకడం) కోసమే అన్న డేటాను నేర విచారణకు పోలీసులు తీసుకోవచ్చని 2021 జనవరిలో బయటపడింది. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంతకంటే తక్కువ ఆంక్షతో పని జరగదా? ఈ ప్రశ్నను ఉత్తర్వు నంబరు, తేదీ వేసి ఉత్తర్వు ఇచ్చిన అధికారికి రాతపూర్వకంగా పంపండి. రసీదు దాచుకోండి.