వెనిస్‌కి ఒక్కరే పోతున్నరా? మొదటి మూడు రోజులు ఇట్ల ప్లాన్ చేస్కోండి

మన హన్మకొండ, కాజీపేట దిక్కు నుంచి ఎంఎస్ అని జర్మనీ, ఇటలీ మస్తు మంది పోతున్నరు, సెలవులు రాంగనే అందరికి వెనిస్ యాదికొస్తది, దోస్తులు హ్యాండ్ ఇస్తరు, ఆఖరికి ఒక్కరే పోవుడు. పోండి, ఏం కాదు. అక్కడ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నోళ్లకు వేరే వీసా అక్కర్లేదు, ఇక్కడి నుంచి సీదా పోయెటోళ్లకు మాత్రం షెంగెన్ వీసా, 30,000 యూరోల కవరేజ్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలె.

అన్నిటికన్న ముందుగాల లగేజీ సంగతి. ఊర్ల కార్లు లేవు, ఆటోలు లేవు, సైకిల్ కూడ తొక్కనియ్యరు. బస్సులు పియాజ్జాలె రోమా కాడ ఆగుతయ్, ట్రైన్ శాంతా లూచియా స్టేషన్ల ఆగుతది, అటెంక నడకన్న నడవాలె, పడవన్న ఎక్కాలె. వంతెనలు 400 పైనే ఉంటయ్, ఇంచుమించు అన్నిటికి మెట్లే, పెద్ద సూట్‌కేస్ తెచ్చుకున్నరంటె ఎక్కిచ్చుడు దించుడుతోనే సగం పానం పోతది. బ్యాక్‌ప్యాక్ చాలు. రూమ్ బుక్ చేసేటప్పుడు ఫొటోలు తర్వాత చూడండి, ముందు పడవ స్టాప్‌కి ఎన్ని వంతెనలు దాటాల్నో మ్యాప్‌ల చూడండి. రెంట్లు ఎక్కువని చాన మంది నీళ్లకు ఇవతల నేల మీదున్న మెస్త్రెల దిగుతరు, ట్రైన్‌కి పది నిమిషాలే, తప్పేం లేదు గని నా మాటింటె కనీసం ఒక్క రాత్రన్న ఊర్లనే ఉండండి. డే ట్రిప్పోళ్లు సాయంత్రం ఎల్లిపోయినంక గల్లీలు ఖాళీ అయితయ్, అసలు వెనిస్ అప్పుడు కనబడ్తది. ఇంకోటి, 2024 నుంచి ఎండాకాలం దిక్కు కొన్ని రోజులు డే విజిటర్లకు ఎంట్రీ ఫీజు పెట్టిండ్రు, రాత్రి ఉండెటోళ్లకు ఫీజు లేదు గని ఆన్‌లైన్ల రిజిస్టర్ చేసి క్యూఆర్ కోడ్ ఫోన్ల పెట్టుకోవాలె.

తినెటియి తీస్కపోతె సకినాలు, కారప్పొడి ఓకే. పాలకోవ, నెయ్యి, మటన్ పచ్చడి అసొంటియి వద్దు, బయటి దేశాల పాలు, మాంసం ఐటమ్స్ యూరప్ల కస్టమ్స్‌ల పట్టుకుంటరు.

మొదటి రోజు ఎక్కువ పెట్టుకోకుండ్రి. బ్యాగు రూమ్‌ల పడేసి, పొద్దు గూకే టైంకి స్టేషన్ కాడ వాపొరెత్తో ఒకటో నంబర్ ఎక్కండి, అది అక్కడి సిటీ బస్ అనుకోండి, గ్రాండ్ కెనాల్, అంటె ఊరి నడుమ పారే పెద్ద కాలువ, మొత్తం స్టాప్ స్టాప్‌కి ఆగుకుంట శాన్ మార్కో అనే పెద్ద చౌరస్తా దాక పోతది, ముప్పావు గంట పడ్తది. స్టాప్ రాంగనే పడవ మీదున్నాయన ఇంత లావు తాడు గుంజకు చుట్టి బిగిస్తడు, పడవ ఒక్కసారి ఊగి ఆగుతది, అప్పుడు గేటు జరుపుతడు, అప్పటిదాక ఎగబడకుండ్రి, బ్యాగు కూడ ఈపు మీంచి తీసి చేతుల పట్టుకోవాలె. సింగిల్ టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలే నడుస్తది, 24 గంటల పాస్ 25, 72 గంటలది 45, లెక్క మీరే చేస్కోండి. 29 ఏండ్ల వరకు ఉన్నోళ్లు రోలింగ్ వెనిస్ కార్డు అడగండి, ఇంకా తక్కువల అయిపోతది. ఎక్కే ముందు మిషన్‌కి పాస్ చూపియ్యాలె, లేకుంటె ఫైన్.

దారి తప్పుడు పక్కా, ఇరుకు గల్లీలల్ల జీపీఎస్ కూడ ఎటెటో దుంకుతది. ఇంటి నంబర్లు గల్లీ లెక్కన ఉండయ్, ఆరు ఏరియాలు ఉంటయ్, ఒక్కో ఏరియా మొత్తానికి వరుసగ వేల నంబర్లు, అందుకే హోటల్ అడ్రస్‌తోటి పాటు ఏరియా పేరు, దగ్గర్ల ఉన్న చర్చి పేరు రాసుకోండి. గోడల మీద పసుపు బోర్డులు చూస్కుంట పోతె రియాల్తో వంతెనకో శాన్ మార్కోకో తేల్తరు.

రెండో రోజు పొద్దుగాల ఏడింటికల్ల శాన్ మార్కో చౌరస్తాల ఉండండి, పది దాటితె టూరిస్టులతోటి నిండిపోతది. అక్కడి పెద్ద చర్చి బసిలికాల భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలె, పెద్ద బ్యాగు రానియ్యరు. గంట గోపురం 1902ల కూలిపోతె మళ్ల 1912ల కట్టిండ్రు, దాని లైన్ చూసి భయమైతె ఎదురుంగ నీళ్లవతల శాన్ జోర్జో మజ్జోరె గోపురం ఎక్కండి, లిఫ్ట్ ఉంది, రష్ తక్కువ, పైగ శాన్ మార్కో మొత్తం అక్కడి నుంచే మంచిగ కొడ్తది. అటెంక రియాల్తో దిక్కు నడవండి. ఓరుగల్లోళ్లు అక్కడ కోర్తే సెకొందా దెల్ మిలియోన్ అనే చిన్న వాకిలి తప్పక చూడాలె, మార్కో పోలో వాళ్లిల్లు ఆ జాగలనే ఉండేదట. మోటుపల్లి రేవున్న రాజ్యాన్ని ఒక రాణి మంచిగ ఏలుతుందని తన యాత్రల పుస్తకంల చెప్పి రాయించింది ఆయననే, ఆమె మన రుద్రమదేవే అని చరిత్రకారులు చెప్తరు. ఎయిర్‌పోర్ట్ పేరు కూడ ఆయనదే.

గొండోలా, అంటె తెడ్డుతోటి నడిపే పొడుగు పడవ, దాని అఫీషియల్ రేటే పగలు అర్ధగంటకు 90 యూరోలు, ఒక్కరికైనా ఐదుగురికైనా అంతే, సోలోగ పోయినోళ్లకు దండుగ. శాంతా సోఫియా కాడ త్రాగెత్తో ఎక్కండి, అదీ గొండోలానే, రెండు యూరోలకు గ్రాండ్ కెనాల్ అవతలొడ్డుకు దింపుతరు, దిగంగనే రియాల్తో మార్కెట్. చేపల దిక్కు ఆదివారం, సోమవారం బంద్.

కాఫీ కౌంటర్ కాడ నిలవడి తాగండి, కూసుంటె బిల్లు పెరుగుతది. నీళ్ల బాటిల్ కొనకుండ్రి, చౌరస్తాలల్ల నల్లాల నీళ్లు మంచివే.

మూడో రోజు ఫొందమెంతె నోవె పడవ స్టాప్ నుంచి మురానో, బురానో దీవులకు పోండి. గాజు బట్టీలతోటి ఊరికి నిప్పంటుకుంటదని 1291ల అన్ని మురానోకు పంపిచ్చిండ్రు, ఇప్పటికీ అక్కడ ఊదుతుంటె చూడొచ్చు. పన్నెండో నంబర్ పడవల బురానో పోండి, రంగు రంగుల ఇండ్లు, ఫొటోలకు అదే బెస్ట్. వాపస్ పడవ టైం దిగంగనే చూస్కోండి, ఎగిలివారంగ ఫ్లైట్ ఉన్నోళ్లు ఆ రాత్రి పియాజ్జాలె రోమా దగ్గర్ల ఉంటె ఎయిర్‌పోర్ట్ బస్సుకి తిప్పలుండదు.