పది పాసైన గుంటని (ఆడపిల్లని) ఇంటర్‌కి పంపించడం ఎలా (మన సిక్కోలు ఇళ్ళల్లో)

పది రిజల్ట్స్ వచ్చిన వారంలోనే మొదలెట్టీయాలండి ఈ పని. జూన్ దాకా చూద్దాంలే అనుకుంటే ఈలోగా ఏదో ఒక సంబంధం వచ్చేస్తాది, లేపోతే గుంట జీడి ఫ్యాక్టరీలో పనికి కుదిరిపోతాది, ఇక ఆ తర్వాత ఎవరెల్లి చెప్పినా వినరు.

ఆ ఇంటికి ఎల్లగానే ఆడపిల్ల చదువు గొప్పతనం మీద ఉపన్యాసం మాత్రం వొద్దు. ఎవరూ కాదనరు, తల ఊపి మళ్ళీ మానిపించేస్తారు. అసలు అడ్డం ఏటో కనుక్కోండి. పలాస వైపు ఒకామె జీడిపప్పు పొట్టు తీస్తూనే, చెయ్యి ఆపకుండా చెప్పింది, "పంపిద్దుమే గానీ బాబూ, బస్సు దిగీసరికి చీకటి పడిపోద్ది, రోడ్డు మీంచి ఊళ్ళోకి తోటలంట ఒక్కర్తీ రావాలి, ఏటైనా అయితే అందరూ నన్నే అంటారు" అని. ఆమెకి చదువంటే ఇష్టం లేకేటి కాదు, భయమంతా ఆ తోటల దారి గురించే.

దూరమే చాలాచోట్ల పెద్ద అడ్డం. 2006లో బీహార్‌లో తొమ్మిదో క్లాసు ఆడపిల్లలకి సైకిళ్ళిస్తే, హైస్కూలు మూడు కిలోమీటర్లు దాటి ఉన్న ఊళ్ళలోనే ఎక్కువ తేడా కనిపించింది. మనకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడోళ్ళకి టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు, అంచేత డబ్బుల గొడవ తీరింది, టైముదే మిగిలింది. ఆ రూట్లో చదివే పిల్లలందరి పేర్లు రాసి, తల్లిదండ్రుల సంతకాలు పెట్టించి, బస్సు టైము మార్చమని డిపో మేనేజర్‌కి అర్జీ ఇవ్వండి, కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి ఎల్లండి. ఒక్కరెల్తే ఎవరూ పట్టించుకోరు, పదిమంది తల్లులెల్తే వింటారు.

అమ్మానాన్న హైదరాబాద్‌కో చెన్నైకో పనులకి ఎల్లిపోయే ఇల్లయితే బస్సుతో పనవదు, హాస్టల్ కావాలి. కస్తూరిబాల్లో (ఆడపిల్లలకి గవర్నమెంటు హాస్టల్ బడులు) చాలాచోట్ల ఇంటర్ కూడా ఉంది, ఉండడం తిండి అన్నీ ఫ్రీ, కాకపోతే అప్లికేషన్లు రిజల్ట్స్ కంటే ముందే పడతాయి, మార్చి నుంచే దగ్గర్లో ఉన్న కస్తూరిబాలో అడుగుతూ ఉండండి. ఇంట్లో చంటిది ఉంది, దాన్ని ఎవరు చూస్తారంటే మూడేళ్ళు నిండితే అంగన్‌వాడీలో వెయ్యమనండి.

పెళ్ళి మాటొస్తే తండ్రితో వాదించొద్దు, చాలా ఇళ్ళల్లో మాట చెల్లేది మావయ్యదో నాయనమ్మదో, వాళ్ళ దగ్గరే కూర్చోండి. 18 నిండకుండా చేస్తే 2006 బాల్యవివాహాల చట్టం ప్రకారం చేసినోళ్ళ మీదా, చేయించినోళ్ళ మీదా కేసవుతాదని మెల్లిగా చెప్పండి. ముహూర్తం పెట్టేశారంటే ఇంక మొహమాటం లేదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టడమే. ఆఫ్ఘనిస్తాన్‌లో 2021 నుంచి ఆరో క్లాసు దాటిన ఆడపిల్లలకి ప్రభుత్వమే బడి మూసేసింది, అక్కడ ఎవరికి ఫోన్ చేస్తారు? మనకి నంబరుండి కూడా చుట్టాలు ఏటనుకుంటారో అని ఊరుకుంటాం.

టీసీ, కులం, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు మే నెలలోనే తీయించీయండి, ఊరి సచివాలయంలో అప్లై చేస్తే సరి. రెండేళ్ళ కిందటే మానేసిన గుంటైనా, పెళ్ళయిపోయిందైనా ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టొచ్చు, 15 నిండితే చాలు, రోజూ ఎల్లక్కర్లేదు. ఫీజు కట్టిన రసీదు మాత్రం జాగ్రత్తగా ఆ పిల్ల దగ్గరే ఉంచండి.